మూడు చుక్కల జైలు

నాగులేటిపాడు సబ్ జైలులో రోహిణి జూనియర్ అసిస్టెంటు. ఆ ఆఫీసుకంతా ఆమె ఒక్కతే గుమాస్తా. తండ్రి అదే శాఖలో వార్డరుగా పనిచేస్తూ గుండెపోటుతో పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. బెల్లంకొండ నుంచి వచ్చి ఆరేళ్లయింది. భర్త కిరణ్ కుమార్ కోర్టు పక్కన జెరాక్సు షాపు నడుపుతాడు.

జైలంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. పాత తాలూకా కచేరీ వెనక నాలుగు గదులు, ఒక వంటిల్లు, చుట్టూ గోడ, ముందు ఆఫీసు గది. ఇరవైనాలుగు మందికి చోటుంది గానీ ఎప్పుడు చూసినా పది, పన్నెండు మందికి మించి ఉండేవాళ్లు కాదు. అందరూ కేసు నడుస్తున్నవాళ్లే, శిక్ష పడినవాళ్లు ఎవరూ లేరు. మేజిస్ట్రేటు కోర్టు రోడ్డుకు అవతలే. వాయిదా రోజున ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ముద్దాయిని నడిపించి రోడ్డు దాటించేవాళ్లు. కాస్త ఆలస్యమైతే కోర్టు బంట్రోతు అరుగు మీదికొచ్చి చెయ్యి ఊపేవాడు. అంతే వ్యవహారం.

ఏప్రిల్ మొదటి వారంలో పైనుంచి పంపకాల పట్టిక వచ్చింది. అసెంబ్లీలో బడ్జెట్ అయిపోయాక, జైళ్లకని ఇచ్చిన మొత్తంలో ఏ జైలుకు ఎంత అన్నది ఆ పట్టికలో ఉంటుంది. రోహిణి కంప్యూటర్లో దాన్ని తెరిచి తమ పేరు దాకా వచ్చింది. జీతాల గడిలో అంకె ఉంది. ఖైదీల భోజనం గడిలో అంకె లేదు, మూడు చుక్కలున్నాయి. కరెంటు గడిలోనూ మూడు చుక్కలే. నీళ్లు, మందులు, మరమ్మతులు, అన్నీ చుక్కలే. పై వరసలో ఉన్న జైలుకూ కింది వరసలో ఉన్న జైలుకూ అంకెలు నిండుగా ఉన్నాయి.

ఫైలు పాడయిందేమోనని మళ్లీ దింపుకుని చూసింది. మళ్లీ చుక్కలే. లోపల వంటింట్లోంచి పప్పు తాలింపు వాసన వస్తోంది. పదకొండు మందికి వంటవుతోంది. పట్టిక ప్రకారం ఆ పదకొండు మందీ ఏమీ తినరు, చీకట్లో ఉంటారు, నీళ్లు తాగరు. వాళ్లకు కాపలా కాసేవాళ్లకు మాత్రం జీతాలొస్తాయి. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

సూపరింటెండెంట్ నాగభూషణరావు గారికి చూపించింది. ఆయనకు రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలుంది. కళ్లజోడు పైకి తోసి చూసి, టైపు కొట్టినవాడి పొరపాటై ఉంటుందన్నాడు. ఇప్పుడే కదిలించొద్దు, కరెంటు వాళ్లు వచ్చి అడిగినప్పుడు చూద్దాం అన్నాడు. రోహిణికి అది రుచించలేదు. బియ్యం, పప్పులు వేసే కొట్టాయన ఇదివరకే రెండు నెలల బిల్లు కోసం తిరుగుతున్నాడు. ట్రెజరీలో ఈసారి మీకు కేటాయింపే లేదంటే ఆయన సరుకు ఆపేస్తాడు. ఆపేస్తే లోపలున్నవాళ్లకు ఏం పెట్టాలి? ఆ మాటే అడిగింది. నాగభూషణరావు సరే రాయమ్మా అన్నాడు.

రోహిణి లేఖ రాసింది. మా జైలుకు సంబంధించిన గడులు ఖాళీగా ఉన్నవనీ, ఇది పొరపాటున జరిగినదని భావిస్తున్నామనీ, ప్రస్తుతం పదకొండు మంది ఖైదీలున్నందున దయతో సవరించి పంపగోరుచున్నామనీ ఆరు వాక్యాలు. ఆయన సంతకం పెట్టాడు. ఆమె స్కాన్ చేసి మెయిల్లో పంపింది, అసలు కాగితం పోస్టులో వేసింది.

నలభై రోజులకు జవాబు వచ్చింది. ఎండలు మండిపోతున్నాయి. ఫ్యాను గాలికి ఎగురుతున్న కాగితాన్ని చేత్తో అదిమిపెట్టి రోహిణి చదివింది. పైన 'సూచిక' అన్నచోట ఆమె రాసిన లేఖ నంబరు, తేదీ ఉన్నాయి. కింద విషయం ఇలా ఉంది: పై సూచికలోని అంశాన్ని పరిశీలించిన మీదట, సదరు జైలులో ఖైదీల సంఖ్య సగానికి తక్కువగా ఉన్నందున, ఖర్చుల పొదుపు దృష్ట్యా, తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు దాని కార్యకలాపాలు నిలిపివేయడమైనది. ఖైదీలను పెద్ద జైలుకు తరలించవలెను. సూపరింటెండెంటునూ వార్డర్లనూ ఇతర చోట్లకు సర్దుబాటు చేయడమైనది. జూనియర్ అసిస్టెంటు భవనాన్ని కనిపెట్టుకుని అక్కడే కొనసాగవలెను.

ఆమె రెండుసార్లు చదివింది. గడిలో అంకె వేయమని అడిగితే, గడికి తగ్గట్టుగా జైలునే ఖాళీ చేయమన్నారు. నాగభూషణరావు గారు చదివి కాగితం మడిచి తిరిగిచ్చాడు. "నువ్వు రాసింది తప్పు కాదులే అమ్మా" అని మాత్రం అన్నాడు. తప్పని ఆమె అనుకోలేదు, ఆయన ఆ మాట అనేదాకా.

మే నెలాఖరున ఒక నీలం వ్యాను వచ్చింది. పదకొండు మందినీ పేరుపేరునా పిలిచి ఎక్కించారు. గేటు బయట హజ్రా బీ నిలబడి ఉంది. ఆమె కొడుకు ఐజాజ్ మోటార్లు వైండింగ్ చేసే మెకానిక్కు. పాత ఇనుప సామాన్ల కొట్టులో అతను కొన్న రాగి తీగ, పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి దొంగిలించిందని తేలింది. దొంగలిద్దరూ పరారీలో ఉన్నారు, దొరికింది ఐజాజే. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. ఫిబ్రవరి నుంచి లోపలున్నాడు. హజ్రా బీ జైలు వెనక రెండో వీధిలోనే ఉంటుంది, మిరపకాయల యార్డులో తొడిమలు తీసే కూలికి పోతుంది. ములాఖత్ ఉన్న ప్రతిరోజూ పనికి పోయేముందు వచ్చి కొడుకును చూసి పోయేది. ఆమె చేతులకంటుకున్న ఘాటుకు గేటు దగ్గరి వార్డరు తుమ్మేవాడు.

"ఎక్కడికి తీసకపోతన్నారమ్మా?" అని అడిగింది.

రోహిణి చెప్పింది. పిడుగురాళ్లలో బస్సు మారి పోవాలి, రెండున్నర గంటలు.

"మళ్లీ ఎప్పుడు తెస్తారు?"

"తాత్కాలికమే పిన్నీ. కాగితంలో అట్టానే ఉంది."

కాగితంలో 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని ఉంది. దానికి అర్థం తాత్కాలికమనే అనుకోవాలని రోహిణి అనుకుంది. వ్యాను కిటికీ జాలీలోంచి ఐజాజ్ తల్లికి ఏదో చెప్పాడు గానీ ఇంజను మోతలో వినపడలేదు.

ఆ తర్వాతి సోమవారం నుంచి రోహిణి ఖాళీ జైలుకు డ్యూటీకి పోవడం మొదలుపెట్టింది. పదిన్నరకు తాళం తీసేది, అయిదుకు వేసేది. హాజరు యాప్‌లో ముఖం చూపించేది. జీతం ఒకటో తారీఖున పడింది. జీతాల పద్దు వేరు, ఖైదీల పద్దు వేరు కాబట్టి ఖైదీలు లేకపోయినా ఆమె పోస్టు చెక్కుచెదరలేదు. ఊడ్చడానికి వచ్చే మనిషి కూడా లేదు. ఆమే నాలుగు గదులూ ఊడ్చేది. మూడో గదిలో గోడ మీద ఎవరో బొగ్గుతో తేదీలు రాసుకున్నారు. ఆ గోడ వైపు చూడకుండా చీపురు పట్టేది.

ఒకటే ప్రశ్న ఆమెను కొరుకుతూ ఉండేది. తను లేఖ రాయకపోయి ఉంటే ఏమయ్యేది? ఆ చుక్కలు ముందే తీసుకున్న నిర్ణయమా, లేక నిజంగా పొరపాటా? తెలుసుకుందామని రాజధానిలోని ఆఫీసుకు ఫోన్ చేసింది. ఎత్తిన మనిషి ఫైలు చూసి వచ్చి, తాపీగా చెప్పాడు: మీరు రాసేదాకా మీ గడి ఖాళీగా ఉన్న సంగతే ఎవరూ చూసుకోలేదమ్మా, మీ లేఖ వచ్చాకే ఈ జైలు అవసరమా అని చర్చ వచ్చింది. రోహిణి ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. నాలుగు రోజులు ఆగి మళ్లీ చేసింది. ఈసారి ఇంకెవరో ఎత్తారు, ఆడమనిషి గొంతు. మీ జైలును ఎత్తేయాలన్నది నిరుటి డిసెంబరు నుంచీ ఫైల్లో ఉందనీ, మీ లేఖకూ దానికీ సంబంధం లేదనీ, పైన సూచికగా ఏదో ఒక లేఖ నంబరు వేయాలి కాబట్టి వేశారనీ ఆమె అన్నది. రెండు మాటలూ ప్రభుత్వం చెప్పినవే. ఏది నమ్మాలి?

కిరణ్ కుమార్ అయితే ఇందులో ఆలోచించేదేముందన్నాడు. "జీతం వస్తంది, ఫ్యాను కింద కూర్చుంటన్నావు. నీకేంది బాధ?" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. తన షాపులో జామీను కాగితాలు జెరాక్సు తీయించుకునేవాళ్లు తగ్గిపోయారని అతనికీ దిగులుగానే ఉంది. 

జూన్ తొమ్మిదిన ఐజాజ్ కేసులో సాక్షుల విచారణ మొదలు కావాలి. ఏడో తేదీన కోర్టు నుంచి ముద్దాయిని హాజరుపరచమన్న కాగితం వచ్చింది, ఈ ఖాళీ జైలుకే. జైలు మారిందన్న సమాచారం కోర్టుకు అందింది గానీ వారంటు మీద జైలు పేరు ఎవరూ మార్చలేదు. కోర్టు బంట్రోతు అలవాటుగా రోడ్డు దాటి వచ్చి రోహిణి చేతిలో పెట్టి పోయాడు. ఆమె కంగారుగా పెద్ద జైలుకు ఫోన్ చేసింది. కాగితం కావాలన్నారు. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. అసలు కాగితం కావాలన్నారు. స్పీడు పోస్టులో వేసింది. అది చేరేసరికి తొమ్మిదో తేదీ దాటిపోయింది. కేసు ఇరవైమూడుకు వాయిదా పడింది.

రెండో వాయిదాకు రోహిణి ముందుగానే పంపడంతో కాగితం సమయానికే చేరింది. కానీ మాచర్ల వైపు ఒక ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుంటే జిల్లాలో ఉన్న పోలీసులందరినీ అక్కడ బందోబస్తుకు వేశారు. ఖైదీని తీసుకురావడానికి ఎస్కార్టు దొరకలేదు. వీడియోలో మాట్లాడించి రిమాండు పొడిగించారు. సాక్షిని మాత్రం విచారించడం కుదరలేదు. తన కొట్టులో తీగ కొన్నది ఎవరో ఆ ఇనుప సామాన్లాయన ఎదురుగా చూసి గుర్తుపట్టి చెప్పాలి, తెర మీద బొమ్మను చూసి కాదన్నారు.

మూడోసారి, జులై ఏడున, వ్యాను బయల్దేరింది. డీజిలు కోటా తక్కువని మూడు కోర్టుల ఖైదీలను ఒకే బండిలో వేసి, ఒక్కొక్కరిని ఒక్కోచోట దింపుకుంటూ వచ్చారు. నాగులేటిపాడు చేరేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది. పొద్దున్నుంచీ కూర్చున్న సాక్షి వెళ్లిపోయాడు. హజ్రా బీ మాత్రం ఉంది. కోర్టు అరుగు దగ్గర అయిదు నిమిషాలు కొడుకుతో మాట్లాడింది. జైలు కిటికీలోంచి రోహిణి చూసింది. ఐజాజ్ చిక్కిపోయాడు, మెడ మీద చెమటకాయలు పుండ్లు పడ్డాయి. అక్కడ ముప్పైమందిని పెట్టాల్సిన గదిలో యాభైమంది ఉన్నారట. పడుకుంటే ఒకరి కాళ్లు ఇంకొకరి మొహం మీద. ఈ సంగతులన్నీ తర్వాత హజ్రా బీ చెబితే తెలిశాయి.

ఆమె ప్రతి వాయిదా తర్వాతా రోహిణి దగ్గరికి వచ్చేది. ఇంకెవరి దగ్గరికి పోవాలో ఆమెకు తెలియదు. పెద్ద జైలుకు మూడుసార్లు పోయింది. మొదటిసారి తను చేరేలోపే ములాఖత్ టైము అయిపోయింది. రెండోసారి ఆధార్ కార్డు మర్చిపోయింది. మూడోసారి చూడనిచ్చారు, అద్దానికి అవతల ఫోనులో. పోయిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోయింది. "ఇక్కడుంటే ఏమైందమ్మా వాళ్లకి? గోడలు బాగనే ఉండయి కదా" అని అడిగింది ఒకరోజు. రోహిణి ఖర్చు ఎక్కువవుతోందని చెప్పింది. హజ్రా బీ ఆలోచించి, మరి ఆ వ్యానుకు, పోలీసులకు ఖర్చు కాదా అని అడిగింది. అది వేరే శాఖ ఖర్చు పిన్నీ అని రోహిణి చెప్పబోయి, ఆ మాట గొంతులో ఉండగానే తనకే అర్థం కాక ఆగిపోయింది. జైలుకు మిగిలినది పోలీసులకు ఖర్చవుతోంది, కోర్టుకు రోజులు ఖర్చవుతున్నాయి, హజ్రా బీకి కూలి ఖర్చవుతోంది. మిగిలిందెవరికి?

జులై ఇరవైఒకటిన కూడా ఐజాజ్ రాలేదు. ఆ మర్నాడు కోర్టు నుంచి నోటీసు వచ్చింది. ముద్దాయిని వరసగా ఎందుకు హాజరుపరచలేదో ఆగస్టు పదకొండున వచ్చి సంజాయిషీ చెప్పాలని, నాగులేటిపాడు సబ్ జైలు ఇన్‌చార్జి అధికారికి. ఇన్‌చార్జి అధికారి ఎవరని రోహిణి చుట్టూ చూసింది. నాగభూషణరావు గారికి ఫోన్ చేస్తే, నన్ను రిలీవ్ చేశారు కదమ్మా, తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లే అన్నాడు.

పదకొండో తేదీన ఇస్త్రీ చీర కట్టుకుని రోడ్డు దాటి పోయింది. ఆరేళ్లుగా ఆ కోర్టును కిటికీలోంచి చూస్తున్నా లోపలికి పోయి నిలబడడం అదే మొదటిసారి. మేజిస్ట్రేటు చిన్నవయసు ఆవిడ, ఈమధ్యే వచ్చింది.

"ఆ జైలుకు ఇన్‌చార్జి మీరేనా?"

"నేను జూనియర్ అసిస్టెంటునండి. ఇన్‌చార్జి ఎవరూ లేరండి."

"ముద్దాయిని ఎందుకు పంపడం లేదు?"

"ముద్దాయి మా దగ్గర లేడండి. మా దగ్గర ఎవరూ లేరు. మే నెలలోనే జైలు మూసేశారండి."

మేజిస్ట్రేటు బెంచీ గుమాస్తా వైపు చూసింది. అతను ఫైలు తిప్పాడు. మూసిన జైలు పేరుకే ఇన్నాళ్లూ కాగితాలు పోతున్నాయని అప్పుడు తేలింది. ఎందుకు మూశారని ఆవిడ అడిగింది. రోహిణి ఉత్తర్వు కాపీ ఇచ్చి ఊరుకోవచ్చు. అదే చేద్దామనుకుని వచ్చింది. కానీ నోరు తెరిచేసరికి అంతా వచ్చేసింది. గడుల్లో చుక్కలుండడం, సవరించమని తను లేఖ రాయడం, ఆ లేఖనే సూచికగా వేసి మూసేయడం, రెండుసార్లు ఫోన్ చేస్తే రెండు రకాలుగా చెప్పడం, అన్నీ చెప్పింది.

"నేను రాయబట్టి మూశారో, రాయకపోయినా మూసేవాళ్లో నాకు తెలవదండి" అంది చివరికి. కోర్టులో ఎవరూ నవ్వలేదు. మేజిస్ట్రేటు ఆమె చెప్పింది రాయించుకుని, మీరు వెళ్లొచ్చు అంది.

రోహిణి తలుపు దగ్గరికి వస్తుండగా వెనక నుంచి శ్రీమన్నారాయణ గారి గొంతు వినిపించింది. ఉచిత న్యాయసహాయం కింద ఐజాజ్‌కు వేసిన వకీలు ఆయన, వయసైన మనిషి. సాక్ష్యానికి మొదటిసారి తేదీ వేసింది జూన్ తొమ్మిదిన అనీ, ఇవాళ్టికి అరవై రోజులు దాటిపోయాయనీ, అరవై రోజుల్లో విచారణ పూర్తికాకపోతే లోపలున్న ముద్దాయికి బెయిలివ్వాలని చట్టంలో ఉందనీ ఆయన చెబుతున్నాడు. ఆలస్యం ముద్దాయి వల్ల జరగలేదని, ఇప్పుడు ఈ అమ్మాయి చెప్పిన మాటల్లోనే ఉందన్నాడు. రోహిణి గడప మీద ఆగిపోయింది. ప్రభుత్వ వకీలు లేచి ఏదో అన్నాడు గానీ గట్టిగా అనలేదు.

ఆ సాయంత్రానికి బెయిలు వచ్చింది. మిరపకాయల యార్డు యజమాని ఒకరు, హజ్రా బీ పక్కింటాయన ఒకరు జామీను నిలబడ్డారు. కాగితాలు కిరణ్ కుమార్ షాపులోనే జెరాక్సు తీశారు, అతను డబ్బులు తీసుకోలేదు. రెండో రోజున ఐజాజ్ బయటికొచ్చాడు.

వచ్చిన మర్నాడు తల్లీ కొడుకులిద్దరూ జైలు ఆఫీసుకు వచ్చారు. హజ్రా బీ లోపలికి వస్తూనే రోహిణి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ చేతుల మిరప ఘాటుకు రోహిణి కళ్లు మండాయి.

"నీ లెటరు వల్లనే నా బిడ్డ బయటికొచ్చిండు తల్లీ. వకీలు సారు చెప్పిండు. నువ్వు కోర్టులో అంత మాట చెప్పకపోతే ఇంకా లోపలే ఉండేటోడు."

రోహిణి చేతులు వెనక్కి తీసుకుంది. ఊరుకుంటే ఆ దండం తీసుకున్నట్టే. అది తనది కాదు.

"అట్టా కాదు పిన్నీ. ఆ లెటరు వల్లే కదా అతన్ని అంత దూరం తీసకపోయింది. నేను రాయకపోతే ఇక్కడే ఉండేవాడు, నువ్వు రోజూ చూసుకునేదానివి. నాకు దండం పెట్టొద్దు."

హజ్రా బీ ఆమె మొహంలోకి చూసింది. చెప్పింది అర్థమైందో లేదో తెలియలేదు. "దూరం పోయిండు కాబట్టే లేటయింది. లేటయింది కాబట్టే వదిలిండ్రు. అంతే కదమ్మా" అంది నెమ్మదిగా, తనకు తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు.

గోడకానుకుని నిలబడ్డ ఐజాజ్ అప్పుడు మాట్లాడాడు. అతని గొంతు బొంగురుపోయింది.

"ఇక్కడే ఉంటే జూన్ తొమ్మిదినే సాక్ష్యం అయిపోయేది మేడం. ఇనప కొట్టాయన తీగ నాకు బిల్లు మీద అమ్మినానని చెప్తానన్నాడు. ఈపాటికి కేసే కొట్టేసేటోళ్లు. ఇప్పుడాయన పక్షవాతం వచ్చి మంచం మీద పడ్డాడు. మాట రావట్లే."

హజ్రా బీ కొడుకు వైపు కోపంగా చూసి, ఇంటికొచ్చినావు, అది చాలదా అని తురకంలో గొణిగింది. ఐజాజ్ తల వంచుకున్నాడు. ఆరు నెలలు జైల్లో ఉన్న మనిషి, ఇక ప్రతి ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టాల్సిన మనిషి, తన మీద కోపంగా ఉన్నాడో లేదో రోహిణికి అంతుపట్టలేదు. ఉన్నాడంటే అది న్యాయమే అనిపించింది. ఆ మధ్యాహ్నం తల్లి చెప్పిందే నిజమా, కొడుకు చెప్పిందే నిజమా అని చాలాసేపు ఆలోచించింది. రెండూ నిజమే అనుకుంటే ఇక తను చేసిందేమిటో మిగలడం లేదు.

సెప్టెంబరులో ఇంకో కాగితం వచ్చింది. నాగులేటిపాడు జైలు భవనాన్ని ఎప్పుడైనా వాడుకోవడానికి వీలుగా సిద్ధంగా ఉంచాలనీ, నీటి మోటారు మరమ్మతుకు కొంత మంజూరు చేశామనీ. ఖైదీల గురించి ఒక్క మాట లేదు. ఊళ్లో మోటార్లు బాగుచేసేది ముగ్గురే. ఇద్దరు జైలు పని అనగానే బిల్లు ఎప్పుడొస్తుందోనని రామన్నారు. రోహిణి మొహమాటపడుతూనే ఐజాజ్‌కు కబురు చేసింది. రాడనుకుంది. సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

తను ఏ గేటు లోపల నాలుగు నెలలు ఉన్నాడో అదే గేటు తోసుకుని లోపలికొచ్చి, ఎటూ చూడకుండా బావి దగ్గరికి పోయాడు. మోటారు విప్పి కాలిపోయిన తీగ లాగి అవతల పడేశాడు. రోహిణి కాస్త దూరంలో నిలబడింది. అడగాలని చాలా రోజులుగా ఉంది.

"ఐజాజ్, నిజం చెప్పు. నా మీద కోపముందా?"

అతను తల ఎత్తలేదు. "మొదట్లో ఉండేది మేడం. అక్కడ పడుకోడానికి చోటు లేనప్పుడు చానా ఉండేది. తర్వాత తర్వాత ఎవరి మీద పెట్టుకోవాల్నో తెలవలే." కొత్త తీగ చుట్ట విప్పుతూ అన్నాడు, "నా సంగతి సరే. మిగతా పదిమంది ఇంకా ఆడనే ఉండ్రు. నన్ను చూసి మాకూ చెయ్యమని అడగరా అన్నారు. ఎవర్ని అడగాల్నో నాకేం ఎరక?"

రోహిణి ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చుంది. మే నెలలో వ్యాను ఎక్కించిన జాబితా తీసింది. ఐజాజ్ పేరు కొట్టేస్తే పది. ఒక తెల్ల కాగితం తీసి, పైఆఫీసుకు రాయడానికి 'అయ్యా' అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఈ లేఖ పోయి ఏమై తిరిగొస్తుందో ఎవరు చెప్పగలరు? మోటారు మంజూరు కూడా రద్దు కావచ్చు. ఆ పదిమందినీ ఇంకా దూరం పంపవచ్చు. లేదా ఏమీ కాకపోవచ్చు. కలం మూత పెట్టింది.

కాసేపటికి మళ్లీ తీసింది. ఈసారి ఎవరికి అన్నది రాయలేదు. పదిమంది పేర్లు, కేసు నంబర్లు, లోపలికి వచ్చిన తేదీ, సాక్ష్యానికి మొదటి తేదీ వేశారా లేదా అన్నది ఒక్కొక్కటిగా పాత రిజిస్టర్లలోంచీ, కోర్టు నుంచి వచ్చిన కాగితాల్లోంచీ ఎక్కించింది. పైఆఫీసుకు పంపలేదు. తాళం వేసి, రోడ్డు దాటి, కోర్టు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న శ్రీమన్నారాయణ గారి చేతికిచ్చింది. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మెల్లగా చదివాడు. నలుగురికి అరవై రోజుల గడువు దాటిందనీ వాళ్లకు పిటిషను వేస్తాననీ, ఇద్దరి విషయంలో ప్రయత్నం చేయవచ్చనీ, మిగతా నలుగురికి ఇంకా సాక్ష్యాలే మొదలు కాలేదనీ చెప్పాడు.

"వాళ్లకి ఎప్పుడు మొదలవుతాయండి?" అని అడిగింది రోహిణి.

ఆయనకూ తెలియదు. దసరా సెలవులకు ముందు ముగ్గురు బయటికొచ్చారు. నాలుగోవాడు జామీను దొరక్క ఆగిపోయాడు. ఆ మనిషిది మాచవరం దగ్గర పల్లె. రోహిణి బస్సెక్కి పోయి జామీను నిలబడమని అతని అన్నదమ్ములను అడిగితే, వాడితో మాకు మాటలు లేవన్నారు. వాళ్లలో చిన్నవాడు మాత్రం బస్టాపు దాకా వెనకే వచ్చి, అన్న ఆరోగ్యం ఎట్టా ఉందని అడిగాడు. ఆమె తనకు తెలిసింది చెప్పింది. మళ్లీ ఆదివారం వస్తానని కూడా చెప్పింది. అతను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పిడుగురాళ్ల బస్సు వచ్చి ఆగితే ఆమె ఎక్కింది.